సులోచనక్క రెండు చేతుల గాలం

మొదట సుయ్యిమని ఒక చప్పుడు వినిపించింది. గాలిని ఎవరో సన్నగా, పొడవుగా చించినట్టు. ఆ వెనకే రేకు మీద ఏదో తేలిగ్గా పడినట్టు టప్ మని ఇంకొకటి. దాని వెనక, తనను తాను విసుక్కుంటున్న ఒక ఆడగొంతు.

ధర్మవరంలో ఎండ ఇంకా వీధిలోకి పూర్తిగా దిగలేదు. మా అక్క చీరకు కుచ్చులు వేయించుకుని పోదామని వచ్చి పట్టుచీరల అంగడి ముందర నిలబడి ఉన్నాను. లోపల అంగడి యజమాని నాగేశ్వరయ్య పరుపుల మీద తెల్లదుప్పటి పరుస్తున్నాడు. పైన మళ్లీ సుయ్, మళ్లీ టప్. మిద్దె మీద చీరలు దులుపుతున్నారేమో అనుకున్నాను. కానీ పట్టుచీర దులిపితే ఆ చప్పుడులో అంచు బరువు తెలుస్తుంది. ఇది కొంగ ఒకటి నిద్రలో రెక్క విప్పుకున్నట్టుంది.

"మీ సులోచనక్క చేపలు పడతాండాది," అన్నాడు నాగేశ్వరయ్య, దుప్పటి ముడత సరిచేస్తూ.

"మిద్దె మీదనా అన్నా?"

"ఆడైతే ఒక్కటీ పడదు. ఇంటికి మంచిది."

గుడ్డు కూడా గడప దాటని ఇల్లు అది. నాగేశ్వరయ్య తాతల కాలం నుంచీ వ్యాపారస్థులు. ఆయన భార్య, ఆ ఇంటి కోడలు, గాలం పట్టుకుని చెరువుకు పోతుందని ఊళ్లో అందరికీ తెలుసు గానీ, నేను మాత్రం కళ్లతో చూడలేదు. మెట్లెక్కాను.

మిద్దె నిండా వెదురు గడలకు రంగు వేసిన పట్టునూలు చిలపలు ఆరుతున్నాయి. పసుపు, వంగపండు రంగు, చిలకాకుపచ్చ. తడి రంగుల నడుమ సులోచనక్క కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. కుడిచేయి ఒంటికి ఆనించుకుని, ఎడమచేత్తో సన్నటి గాలం కట్టెను ముందుకూ వెనక్కూ ఊపుతోంది. కట్టె కొసనుంచి నిమ్మపండు రంగు దారం ఒకటి గాల్లోకి లేచి, విప్పుకోబోయి, మధ్యలో మనసు మార్చుకున్నట్టు కుప్పగా నీళ్ల ట్యాంకు మూత మీద పడుతోంది. టప్.

"నవ్వుకోప్పా, నవ్వుకో," అంది నన్ను చూసి. "ఎడమ చెయ్యికి బడి మొదలుపెట్టినా. ఇంగా ఓనమాలే."

ఆమెకు ఈ పిచ్చి అంటించినవాడు బెంగళూరు పెద్దాయన ఒకడు. భార్యతో కలిసి పెళ్లి చీరలకు వచ్చాడట. భార్య పొద్దున కూర్చుంటే సాయంత్రానికి కూడా లేవలేదు. ఆయనకు తోచక, కూర్చున్న చోటునుంచి సులోచనక్క చీర విసరడం చూస్తూ ఉండిపోయాడు. మడత చీరను ఒళ్లో పెట్టుకుని, మణికట్టుతో ఒక్క విసురు విసిరితే అది పరుపు మీద ఏటినీళ్ల మాదిరి పారి, కొంగు సరిగ్గా కొనేవాళ్ల మోకాళ్ల దగ్గర ఆగుతుంది. ముప్పై ఏళ్లుగా ఆమె చేసే పని అది. పెద్దాయన తన గాలం సంచీ తెప్పించి, ఈ మణికట్టు వృథా పోతోందమ్మా అన్నాడట. మరుసటి వానలకు మళ్లీ వచ్చినప్పుడు ఒక కట్టె ఇచ్చి పోయాడు. పెనుకొండ చెరువు కట్ట మీద విసరడం నేర్పింది కూడా ఆయనే.

ఆ గాలానికి వానపాము అక్కర్లేదు. ఈకలతో, పోగులతో పురుగు లాంటిది ఒకటి కట్టి, దాన్ని బరువైన దారంతో గాల్లో తేల్చి నీళ్ల మీద వాలుస్తారు. చేప అది నిజం పురుగే అనుకుని అందుకుంటుంది. సులోచనక్క మగ్గాల కింద రాలిన జరీ ముక్కలు, పట్టుపోగులు ఏరుకుని, రాలిన నెమలీకతో కలిపి తన పురుగులు తానే కడుతుంది. చేప పడితే ముద్దుగా కాసేపు చూసి, కొక్కెం తప్పించి నీళ్లలోకి వదిలేస్తుంది. అమావాస్యకు మగ్గాలు ఆగుతాయి, అంగడీ మూస్తారు. అలాంటి రోజు ప్యాసింజర్ బండెక్కి పెనుకొండలో దిగి, పొద్దు వాలేదాకా నీళ్లతో మాట్లాడి వస్తుంది. ఇంటికి రాగానే పెరట్లో తలస్నానం, ఆ తర్వాతే లోపలికి. గాలం సామాను మిద్దె మీది గదిలోనే. ఈ షరతులు పెట్టింది నాగేశ్వరయ్య కాదు, ఆమే.

ఎన్నో ఏళ్లు అలా గడిచాయి. తర్వాత భుజం పట్టేసింది. చీరలు విసిరి విసిరి కీలు అరిగింది, ఇక ఆ చెయ్యి భుజానికి పైకి ఎత్తొద్దు అన్నాడు హిందూపురం డాక్టరు. జడ వేసుకోవడానికి కూడా వేరేవాళ్ల చేతులు కావలసి వచ్చింది. పోయిన ఏడు, రెండు చేతులతో పట్టుకునే రాడ్ ఒకటి ఉంటుందని తెలిసి, హిందూపురంలో హరీష్ అనే అతని దగ్గర తీసుకుంది. పెద్ద నదులకు వాడే కట్టె అది, గడ లాంటిది. దాంతో విసిరినందుకు నెలరోజులు వేడినీళ్ల సంచీ భుజం మీదే ఉండిపోయింది.

"అందుకని మీ అన్నతో ఒక మాట అనుకున్న్యా," అంది దారం చుట్టుకుంటూ. "హరీష్ కాడ ఇప్పుడు రెండు వచ్చినాయి. తేలికవి. స్విచ్ రాడ్డులంట, ఒంటి చేత్తోనైనా రెండు చేతులతోనైనా విసరొచ్చంట. రేపటికి వాటిని తిరిగి బెంగళూరుకు పంపియ్యాల. ఈ పొద్దు పోయి ఒకటి తెచ్చుకుంటా. దాంతో గూడా నొప్పి పుట్టిందంటే, ఇంగ గాలం సామానంతా ఆ పిల్లోనికే ఇచ్చేస్తా. మల్ల చెరువు దిక్కు పోను."

ఆ మాట నవ్వుతూనే అంది. కానీ చుట్టుకున్న దారాన్ని మళ్లీ విప్పి, మళ్లీ చుట్టింది.

కిందికి వచ్చాక నాగేశ్వరయ్య నన్ను పక్కకు పిలిచాడు. కుచ్చులు సాయంత్రానికి గానీ కావన్నాడు. నిజానికి ఆయన చెప్పాలనుకున్నది అది కాదు. "నువ్వూ కూడా పోప్పా. ఆమెకు నొచ్చినా నొచ్చిందని చెప్పదు. నువ్వు చూసి నాకు చెప్పు." తర్వాత, నేను తన మాటను మరీ బరువుగా తీసుకుంటానేమో అని భయపడ్డట్టు, "స్విచ్ రాడ్డు అంటాంది గదా, స్విచ్ యాడుండాదో గూడా చూసి రా," అన్నాడు.

అలా నేను ఒక భుజానికి కాపలాగా హిందూపురం బండెక్కాను.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. చేలల్లో వేరుశనగ కాయలు పీకుతున్నారు, తడిమట్టి వాసన కిటికీలోనుంచి లోపలికి వచ్చి మా పక్కన కూర్చుంది. సులోచనక్క పెనుకొండ కొండ కనపడగానే అటువైపు కిటికీకి మారింది. కోటగోడల కింద చెరువు ఒక్క క్షణం మెరిసి, చెట్ల వెనక్కి పోయింది. ఆమె మెడ సాచి, రైలు వంపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

"నిండింది," అంది, ఇంట్లో వాళ్ల గురించి చెప్పినట్టు.

హిందూపురంలో హరీష్‌ది మోటార్లు వైండింగ్ చేసే షాపు. రాగితీగ వాసన, వార్నిష్ వాసన, విప్పదీసి పెట్టిన బోరు మోటార్లు. వెనక గోడకు మాత్రం గాలాలు, రీళ్లు, దారాలు. ముప్పై ఐదేళ్ల మనిషి, చెరువులు తిరిగే పిచ్చి అతనికీ ఉంది. మోటారులో తీగ చుట్టే వేళ్లతోనే విరిగిన గాలం కట్టెలకు దారం చుట్టి బాగుచేస్తాడు. మేము పోయేసరికి రెండు రాడ్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పెళ్లిచూపులకు పిలిచినవాడిలా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒకటి నల్లది. ఒకటి నాచు రంగు ఆకుపచ్చది. రెండూ మనిషి ఎత్తుకు దాదాపు రెండింతలు. పెద్దపిడి కింద, రెండో చేతికి, బెండుతో చేసిన ఇంకో జానెడు పిడి.

ఆ తర్వాత జరిగింది చూసి హరీష్ తల కొట్టుకున్నాడు. సులోచనక్క బల్ల ముందర కూర్చుని, కళ్లు మూసుకుని, రెండు అరచేతులూ చాపింది. ఒక దాంట్లో నల్లది పెట్టమంది, ఒక దాంట్లో ఆకుపచ్చది. పట్టుచీర నేతను ఆమె ఎప్పుడూ అలాగే చూస్తుంది. కన్ను రంగుకు మోసపోతుంది గానీ అరచెయ్యి మోసపోదని వాళ్ల నమ్మకం. పట్టు ఎంత బిగువుగా పడిందో, జరీ ఎంత పోశారో, అన్నీ బరువే చెబుతుంది. కాస్త సేపు చేతులు తూచుకుని, కళ్లు తెరిచి, నల్లదాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"ఇదే."

"అక్కా, నువ్వు రాడ్డు కొంటాండావా, చీర కొంటాండావా?" అన్నాడు హరీష్. "పోయినేడూ ఇట్లనే బరువైన్నే పట్టుకుంటివి."

"తూకం లేని పట్టు యాడన్నా ఉండాదేమప్పా?"

హరీష్ రెండింటికీ రీలు బిగించి, పిడి పైన ఒక చోట చూపుడువేలు పెట్టి నిలబెట్టి చూపించాడు. నల్లదాని కొస నెమ్మదిగా నేలవైపు వంగింది. ఆకుపచ్చది మాత్రం వేలి మీద పడుకున్నట్టు నిశ్చలంగా ఉండిపోయింది. మొత్తం బరువు కాదు చూడాల్సింది, కొస ఎంత లాగుతుందో చూడాలన్నాడు. ఆ వాలే కొసను ప్రతిసారీ పైకి లేపేది భుజమే. సులోచనక్క శ్రద్ధగా విన్నది. విని, ఎండుపుల్ల గూడా వేలి మీద నిలబడతాదిలే అంది.

వీధిలోకి పోయి రెండూ ఊపి చూసింది. నల్లది ఆమె చెప్పిన మాట విన్నట్టే ఉంది. ఆకుపచ్చది రెల్లుగడ్డి మాదిరి ఊగి, దారాన్ని తెచ్చి ఆమె కాళ్ల చుట్టూ చుట్టింది. ఎదురు టీకొట్టు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. సులోచనక్క చుట్టుకున్న దారంలోనే నిలబడి, ఇది ఊదుబత్తి మాదిరి ఉండాది, దేవుని ముందర పెట్టుకో అని హరీష్‌కు ఇచ్చేసింది.

"ఈడ చూస్తే తెలీదక్కా," అన్నాడతను. "దీనికి నీళ్లు కావాల. దారాన్ని నీళ్లు పట్టుకుంటేనే కట్టె వంగుతాది. రోడ్డు ఏం పట్టుకుంటాది? చెరువు కాడ చూసి, అప్పుడు చెప్పు."

మోటార్లు మోసే అతని ట్రాలీ ఆటోలో పెనుకొండకు బయలుదేరాం. వాళ్లిద్దరూ ముందర, నేనూ రెండు రాడ్లూ రైతు ఒకరికి అప్పజెప్పాల్సిన బోరు మోటారూ వెనక. దారి పొడుగునా ఆమె నల్లదాన్నే మెచ్చుకుంటూ ఉంది. ఆటో మూలుగులో నాకు సగమే వినిపించింది. మల్బరీ తోటలు, టమోటా చేలు వెనక్కి పోతుంటే, గుడ్డసంచుల్లోంచి బయటికి తొంగి చూస్తున్న రెండు రాడ్ల కొసలూ గాలికి వణుకుతూ ఒకదానితో ఒకటి ఏదో గుసగుస చెప్పుకున్నాయి.

పెనుకొండ చెరువు కట్ట మీద ఆదినారాయణ వల ఆరేసుకుంటున్నాడు. చెరువులో చేపలు పట్టే గుత్త అతనిది. ఊరి రైతు కుటుంబమే, పొలం పక్కన ఇది ఇంకొక సేద్యం అంటాడు. సులోచనక్క చేపలు వదిలేస్తుంది కాబట్టి అతను ఎన్నడూ కాదనలేదు. ఎగతాళి మాత్రం ఎన్నడూ మానలేదు.

"ఏమక్కా, చానా దినాలకు," అన్నాడు. "చేపలకు చీరలు చూపిచ్చేకి వచ్చినావా?"

"కొత్త సరుకు వచ్చిందప్పా. నీ చేపల్ని రమ్మను."

కట్ట వెంబడి తుమ్మచెట్లు దట్టంగా ఉన్నాయి. ఆ కొమ్మల వల్ల వెనక్కి విసరడానికి చోటు లేదు. ఈ రాడ్ల మంచితనం అక్కడే ఉందని హరీష్ చెప్పాడు. దారాన్ని నెత్తి మీదుగా వెనక్కి తిప్పక్కర్లేదు. ముందరున్న నీళ్ల మీదే దాన్ని పడుకోబెట్టి, పక్కకు ఒక చిన్న వంపు తిప్పి, ముందుకు వదిలితే చాలు, అదే దొర్లుకుంటూ పోతుంది. చేతులు రొమ్ము ఎత్తు దాటవు. డాక్టరు గీసిన గీత కిందనే అంతా.

సులోచనక్క చెప్పులు విడిచి, పాదాలు మునిగేంత నీళ్లలోకి దిగింది. నల్లదాన్నే తీసుకుంది. దారం నీళ్ల మీద పరిచి, వంపు తిప్పి, కుడిచేత్తో ముందుకు నెట్టింది. నిమ్మపండు రంగు దారం చక్రంలా దొర్లుకుంటూ పోయి, జరీ పురుగును తామరాకుల దగ్గర వాల్చింది. ఆదినారాయణ నాలుక చప్పరించాడు. ఆమె మళ్లీ విసిరింది. ఇంకా దూరం పోయింది. నీళ్ల మీద కొండ నీడ ముడతపడి మళ్లీ సర్దుకుంది. "చూసినావా హరీషూ," అని వెనక్కి తిరిగి నవ్వింది.

నాకు అప్పగించిన పని భుజాన్ని చూడటం. కాబట్టి నేను దారాన్ని చూడలేదు. ఆ తర్వాతి విసురుకు ఆమె పెదవి కొద్దిగా కరుచుకుంది. దాని తర్వాత విసరక ముందు ఊపిరి బిగపట్టింది. ఆ పైన నుదుటి చెమట తుడుచుకోవడానికి కుడిచేయి ఖాళీగా ఉన్నా, కట్టెను దాంట్లోకి మార్చి ఎడమచేతిని ఎత్తింది. హరీష్ కూడా అది చూశాడు.

ఆమె మెల్లగా గట్టుకు వచ్చి రాయి మీద కూర్చుంది. చాలాసేపు నీళ్లవైపు చూసింది. అక్కడ ఇందాక పురుగు వాలిన చోట, ఏదో చేప ఆలస్యంగా వచ్చి ఒక వలయం గీసి పోయింది.

"పుట్టింది," అంది. ఎవరూ అడగకుండానే.

తర్వాత రీలు విప్పడం మొదలుపెట్టింది. జరీ పురుగుల డబ్బా మూత పెట్టి హరీష్ చేతిలో పెట్టింది. ఎరుపువి ఎండ వేళకు, వంగపండు రంగువి మబ్బు వేళకు అని చెప్పింది. బెంగళూరు పెద్దాయన ఇచ్చిన కట్టె ఇంట్లో ఉంది, వచ్చి తీసుకుపో అంది. బిడ్డను హాస్టల్లో దిగబెట్టేవాళ్లు దుప్పటి ఎక్కడుందో, నూనె సీసా ఎక్కడుందో చెప్పినట్టు, ఒక్కటీ మరచిపోకుండా చెప్పింది. హరీష్ డబ్బా తీసుకున్నాడు గానీ జేబులో పెట్టుకోలేదు. ఆకుపచ్చది ఇంకా చూడలేదు గదా అన్నాడు. వద్దులేప్పా అంది.

అప్పుడు ఆదినారాయణ వల పక్కనుంచి అన్నాడు. "లేచి పొయ్యేటప్పుడు ఒకటి చూపిచ్చాల గదక్కా. మీ అంగట్లో అదే గదా పద్ధతి. నా పెండ్లానికి అట్లనే గదా అంటగడితివి, నేరేడుపండు రంగుది."

అతను చెప్పింది నిజమే. ఆ అంగట్లో ఏమీ నచ్చక కొనేవాళ్లు లేవబోతుంటే, వాళ్లను ఉత్త కళ్లతో పంపరు. నాగేశ్వరయ్య తండ్రి పెట్టిన ఆచారం. చివరగా ఒక్క చీర విప్పుతారు. దాని ధర చెప్పరు, నేత గొప్ప చెప్పరు, కొనమని అడగరు. ఊరికే చూసి పొమ్మని. అప్పటికి విప్పేవాళ్లు కూడా సగం లేచే ఉంటారు. కుడిచేయి నేలకు ఆనించి, మోకాలు ఎత్తి, ఎడమచేత్తో అంచు పట్టుకుని చిన్నగా తమవైపు లాగుతారు, అంతే. బలం ఏమీ పెట్టరు. చీర దానంతట అది విచ్చుకుంటుంది.

సులోచనక్క నవ్వింది. పని అయిపోయినవాళ్ల నవ్వు. "సరేలే, చేపలకు గూడా చూపిచ్చి పోదాం," అని, అప్పటికే పురుగు కట్టి ఉన్న ఆకుపచ్చదాన్ని అందుకుంది.

ఈసారి తూకం చూడలేదు. పాదాలు సరిగా పెట్టుకోలేదు. నొప్పి పుట్టిన కుడిచేయి పైపిడి మీద ఊరికే వాలి ఉంది, ఒకరి భుజం మీద చెయ్యి వేసినట్టు. దారం నీళ్ల మీద పడుకుంది. ఆమె వంపు తిప్పి, ఎడమచేత్తో కిందిపిడిని తన పొట్టవైపు చిన్నగా లాగింది. చీర అంచు లాగినట్టే.

ఊదుబత్తి అన్న కట్టె అడుగుదాకా వంగింది. నీళ్లు దారాన్ని ఒక క్షణం పట్టుకుని, వదిలాయి. దారం మా ముందునుంచి దొర్లుకుంటూ, విప్పుకుంటూ, చప్పుడు లేకుండా తామరాకులు దాటి పోయింది. పోతూ పోతూ చివర్న కొంగు పరిచినట్టు నిటారుగా సాగి, నీళ్ల మీదికి దిగింది. జరీ పురుగు వాలిన చోట చుక్కంత మెరుపు.

ఆమె తన ఎడమచేతిని తిప్పి చూసుకుంది.

మళ్లీ విసిరింది, ఈసారి జాగ్రత్తగా, కావాలని. కుడిచేత్తో నెట్టింది. దారం వంకరగా పోయి మధ్యలో కుప్పకూలింది. ఆమె ఒక్కసారి కుడిచేతి వేళ్లు పైపిడి మీద వదులు చేసి, సగం లేచిన మనిషిలా కొంచెం వంగి, ఎడమచేత్తో మళ్లీ లాగింది. దారం విప్పుకుంటూ పోయింది.

"దీన్ని నెట్టేది గాదప్పా," అంది హరీష్‌తో, అతను తనకు ఎప్పుడూ చెప్పనట్టు. "లాగేది."

"అదే గదక్కా పోయినేడునించీ చెప్తాండా."

"నువ్వు చెప్పినావు. చూపిచ్చలేదు."

హరీష్ ఆ నింద సంతోషంగా మోశాడు. పురుగుల డబ్బా తెచ్చి ఆమె పక్కన రాయి మీద పెట్టి, ఆకలవుతోందని, ఉగ్గాని బజ్జీ తెస్తానని ఆటో తీసుకుని ఊళ్లోకి పోయాడు. నల్లదాన్ని గుడ్డసంచిలో దోపి తనతో పాటే తీసుకుపోయాడు. దాని మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

మబ్బు పట్టింది. ఆమె వంగపండు రంగు పురుగు కట్టుకుంది. కాసేపటికి తామరాకుల అవతల నీళ్లు బుడుంగుమన్నాయి. ఆకుపచ్చ కట్టె వంగి, వణికి, ఆమె రెండు చేతుల మధ్య ప్రాణం ఉన్నదానిలా కొట్టుకుంది. జిలేబీ చేప ఒకటి, అరచేతంత. పొట్ట మీద లేత గులాబీ రంగు. సులోచనక్క దాన్ని తడిచేత్తో పట్టుకుని, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసింది.

"దాన్ని నేను రోజూ చూస్తానే ఉంటాలేక్కా," అన్నాడు ఆదినారాయణ. "అది నీ జరీకే పడతాది. నా వలకు రాదు, గుణం జాస్తి."

"రంగు చూడు," అంది ఆమె. "ఈ రంగు మన రంగులేసేటోళ్లకు యాడ కుదురుతాది." వేళ్లు వదులు చేసింది. చేప ఒక్క క్షణం అక్కడే ఆగి, నీళ్ల రంగులో కలిసిపోయింది.

నా ఫోను మోగింది. నాగేశ్వరయ్య. అంగట్లో బేరం మధ్యలో ఉన్నట్టున్నాడు, వెనక ఎవరో అంచు రంగు మార్చి చూపమంటున్నారు. గొంతు తగ్గించి ఒకే మాట అడిగాడు, భుజం ఏమంటాంది అని. నేను ఒకసారి పుట్టిందని చెప్పాను. అది నల్లదాంతో అని, ఇప్పుడు ఆకుపచ్చది పట్టుకుందని, మళ్లీ పుట్టిందో లేదో తెలియడం లేదని చెప్పాను. అడిగితే చెప్పదు, పని మానేసిందా అని చూడు అన్నాడు. మానలేదన్నాను. ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. స్విచ్ కనపడిందా అని అడిగి, నా జవాబు వినకుండానే ఫోను పెట్టేశాడు.

అవతలి గట్టున వాన మొదలైంది. తెల్లటి తెర ఒకటి కొండ మీదినుంచి మెల్లగా మా వైపు నడిచి వస్తోంది. ఆదినారాయణ వల చుట్టుకుని చెట్టు కిందికి పోయాడు. ధర్మవరం బస్సుకు వేళయింది. కుచ్చులు అయిపోయి ఉంటాయి, నేను రాత్రికి మా ఊరు చేరాలి. గట్టు అంచుదాకా దిగి, వెళదామా అక్కా, చెయ్యి ఎట్లుంది అని అడిగాను.

ఆమె వెనక్కి తిరగలేదు. నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి, చీర కుచ్చిళ్లు తడిసి బరువెక్కాయి. మొదటి చినుకులు దారం మీద పడి చిన్న చిన్న పూసలయ్యాయి. ఎడమచెయ్యి పొట్టవైపుకు వచ్చింది. దారం వానలోకి విప్పుకుంటూ పోయింది.

"నువ్వు పోప్పా, బస్సు పోతాది. నాకింగా నొప్పి పుట్టలేదు."